గెనిమ మీది చారల పురుగు

చావింట్లో కూడా వాదన పెట్టుకున్నానని మా వాళ్ళు ఇంకా చెప్పుకుంటున్నారు. పెట్టుకున్న మాట నిజమే. మా మేనత్త సుబ్బమ్మ పెద్దదినానికి ఆళ్ళగడ్డ దగ్గరి మా ఊరికి వెళ్ళాను. షామియానా కింద విస్తళ్ళు పరుస్తుండగా మా చిన్నాయన కోడలి భుజం మీద ఒక చిన్న పెంకు పురుగు వాలింది. ఆ పిల్ల ముచ్చటపడి "లేడీబగ్" అని పక్కామెకు చూపించింది. పక్కామె "అదేలే, అక్షింతల పురుగు" అని తెలుగు చేసింది. నేను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం నాకు యాభై దాటినా చేతకాలేదు. అది అక్షింతల పురుగు కాదనీ, వయ్యారిభామ మొక్కను తినడానికి ఎక్కడో మెక్సికో దేశం నుంచి తెచ్చి బెంగళూరు దగ్గర వదిలితే అక్కణ్ణుంచి మన దాకా పాక్కుంటూ వచ్చిన పురుగనీ, కావాలంటే వీపు మీది నిలువు చారలు చూడమనీ చెప్పాను. ఆ పిల్ల మర్యాదగా విని, పురుగును ఊది ఎగరగొట్టి, మజ్జిగ అందించడానికి వెళ్ళిపోయింది. ఏ పురుగైతే ఏమిటన్నట్టు చూసిన పక్కామె చూపు మాత్రం నాతో నంద్యాల దాకా బస్సులో వచ్చింది. ఏ పురుగన్నది తేల్చడం మీద ఒకప్పుడు ఈ చనిపోయిన మనిషి చేను ఆధారపడి ఉండేదని ఆమెకు ఎవరు చెప్పాలి? చెప్పినా ఎందుకు వినాలి?

సుబ్బత్త మా నాయనకూ చిన్నాయనకూ అక్క. బనగానపల్లె వైపు ఇచ్చారు. పిల్లలు కలగకుండానే భర్త పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. నాకు ఊహ తెలిసేసరికే ఆమె మా ఇంట్లో ఉంది కాబట్టి, మేమే ఆమె ఇంట్లో ఉంటున్నామని చాలాకాలం అనుకున్నాను. తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చేది ఆమె జొన్నరొట్టె తట్టే చప్పుడుకే. పలక మీద అరచెయ్యి పడే ఆ చప్పుడులో ఎవరి మీదో తెలియని కోపం ఉండేది. పెనం మీద రొట్టెకు తడిచెయ్యి రాస్తే లేచే ఆవిరి, పొయ్యిలో కందికట్టె పొగ, రోట్లో నూరుతున్న ఎండుమిరపా వెల్లుల్లీ ఘాటు, ఇవన్నీ కలిసి దుప్పట్లోకి దూరి మమ్మల్ని లేపేవి. ప్రేమగా పిలిచి పెట్టడం ఆమెకు రాదు. "తిను. తినకపోతే మాడేది నీ కడుపే, నాది గాదు" అని తిట్టినట్టే పెట్టేది. నా నోరు అమ్మదీ కాదు, నాయనదీ కాదు, మేనత్తదేనని ఊరంతా అనేది. అది మెచ్చుకోలు కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆమెకు ఒక చేను ఉండేది. పెళ్ళిలో మా తాత పసుపు కుంకుమ కింద రాసిచ్చిన నల్లరేగడి ముక్క. ఆమె అత్తవారింట్లో ఉన్నన్నాళ్ళూ దాన్ని తమ్ముళ్ళే చేసుకున్నారు. తిరిగొచ్చాక కొన్నేళ్ళు గడిచి, ఒకరోజు పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, ఈసారి నా చేను నేనే చేసుకుంటానని చెప్పింది. మా నాయన పేపరు మడిచి మళ్ళీ విప్పుకున్నాడు. ఆయన ఏ విషయానికైనా చేసేది అదే. చిన్నాయన అలా కాదు. ఆయన సేద్యగాడు, మాటకారి, పట్టుదల మనిషి. ఆడమనిషి సేద్యం చేస్తే నలుగురూ తనను అడుగుతారని ఆయన బాధ. చాలా రోజులు ఇంట్లో పళ్ళేల చప్పుడు తప్ప మాటలు లేవు. చివరికి ఆయనే దిగొచ్చి ఒక షరతు పెట్టాడు. "సరే అక్కా, చేసుకో. ఒక్క పంట పోయిందంటే మాత్రం ఇంగ మాట్లాడకుండా మాకు ఇడ్సాల." అత్త ఒప్పుకుంది. అప్పట్నుంచి ప్రతి పంటా ఆమెకు పరీక్షే. వాన ఆలస్యమైతే మేమంతా ఆకాశం వైపు చూసేవాళ్ళం, ఆమె చిన్నాయన మొహం వైపు చూసేది.

విత్తనం వేసే రోజు గొర్రుకు పసుపు రాసి నాలుగు అక్షింతలు చల్లడం అందరూ చేసేదే. అత్త నమ్మకం ఇంకాస్త ముందుకు పోయేది. చేలో అక్షింతల పురుగు కనిపిస్తే, ఎవరో పెద్దవాళ్ళు పైనుంచి పంట మీద అక్షింతలు వేసినట్టని ఆమె లెక్క. అందులో నమ్మకం ఎంతో, సేద్యం ఎంతో విడదీయడం కష్టం. అనపచిగుళ్ళకు పేనుబంక పట్టినప్పుడు ఆ పురుగులు గుంపుగా వచ్చి దాన్ని తినిపోవడం ఆమె చూసిందే కదా. తన చేలో దాని మీద కాలు పడినా ఊరుకునేది కాదు.

నేను నంద్యాలలో జువాలజీ డిగ్రీ చేసి, ఊళ్ళో ఇళ్ళకు కేబుల్ టీవీ తీగలు అల్లుకుంటున్న ఆ రోజుల్లో, అక్కడే ఒక ప్రాజెక్టులో తాత్కాలిక పనికి కుదిరాను. వయ్యారిభామ మీద వదిలిన ఆ చారల పురుగు మన వైపు ఎంత దూరం వచ్చిందో, ఎక్కడెక్కడ గుడ్లు పెడుతోందో చూసి పటం మీద ఎర్రచుక్కలు పెట్టడం నా పని. వయ్యారిభామ సంగతి తెలియని రైతు లేడు. తెల్లటి పూలతో, నడుం లోతున, దావల పక్కనా కాలువ గట్లనా అదే. ముట్టుకుంటే దద్దుర్లు, పూత గాలికి ఆయాసం. పశువు నోట పెట్టదు. అంత పాడు మొక్కకు వయ్యారిభామ అని ఆడపేరు ఎవరు పెట్టారోనని నేను వెళ్ళిన చోటల్లా గొడవపడేదాన్ని. సమాధానం చెప్పినవాళ్ళు లేరు, నవ్వినవాళ్ళే.

పని మొదట్లో ఆ పురుగును గుర్తుపట్టడం కన్నా, ఏది ఆ పురుగు కాదో నేర్చుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది. అక్షింతల పురుగుల్లో చుక్కలవి ఉంటాయి, వంకర గీతలవి ఉంటాయి, వంకాయ ఆకును జల్లెడ చేసే దొంగవీ ఉంటాయి. చారల పురుగు కూడా అంతే ఉంటుంది, అలాగే గుండ్రంగా, వీపు ఉబ్బుగా. కానీ మీగడ రంగు పెంకు మీద గోధుమ చారలు నిలువుగా ఉంటాయి. మీసాలు కాస్త పొడుగు. పిల్లపురుగును చూస్తే ఇంక అనుమానం ఉండదు. అక్షింతల పురుగు పిల్ల మొసలిపిల్లలా సన్నగా, నల్లగా పరుగులు పెడుతుంది. దీని పిల్ల పసుపుగా, లావుగా, బద్ధకంగా ఆకు మీదే పడి ఉంటుంది. ఇదంతా భూతద్దం పెట్టి నాకు నేర్పిన సార్ మాటల్లో పొదుపరి. చూసింది రాయి, విన్నది రాయొద్దు, ఎవరికీ మాట ఇవ్వొద్దు అని మాత్రం రోజూ చెప్పేవాడు. నేను పాణ్యం వైపు, బనగానపల్లె వైపు, ఆళ్ళగడ్డ వైపు బస్సులెక్కి, ఊరు కాని చోట దిగి, దావపక్క కలుపు కసువులో వంగి ఆకులు తిప్పి చూసేదాన్ని. కండక్టర్లు నాకు పురుగులమ్మ అని పేరు పెట్టారు. ఒక పెద్దాయన చాలాసేపు నిలబడి చూసి, చెవికమ్మ పోగొట్టుకున్నానేమోనని తనూ వంగి వెతకడం మొదలుపెట్టాడు.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. అత్త పొద్దుతిరుగుడు వేసింది. పక్కన చిన్నాయనదీ అదే పంట. రెండు చేలకూ మధ్య ఉమ్మడి గెనిమ ఒకటుండేది. గెనిమ అంటే మా వైపు పొలం గట్టు. రైతు పరువంతా దాని మీదే ఉంటుంది. దావన పోయేవాడు పంటను తర్వాత చూస్తాడు, ముందు గెనిమను చూస్తాడు. ఆ గెనిమ మీద వయ్యారిభామ ఒత్తుగా లేచింది. దానిమీదికి ఆ ఏడే మొదటిసారి చారల పురుగు దిగింది. నేను చూసి, మా ఊరి దగ్గర ఎర్రచుక్క పెట్టి, సంబరంగా నంద్యాలకు వెళ్ళాను. నేను లేనప్పుడు చిన్నాయన కూలోళ్ళను పెట్టి గెనిమ అంతా శుభ్రంగా పీకించాడు. పీకిన కసువును ఎండడానికి అత్త చేను వైపు కుప్ప పోయించాడు. ఇందులో కుట్రేమీ లేదు. ఏ మంచి రైతయినా చేసే పనే, చిన్నాయన మంచి రైతు.

శనివారం నేను ఇంటికొచ్చేసరికి అత్త పలకరించలేదు. అన్నం పెట్టి, "పొద్దున్నే చేన్లోకి రా. నీ సదువేందో సూస్తా" అంది.

మోకాలెత్తు పొద్దుతిరుగుడు. గెనిమ పక్క సాళ్ళల్లో ఆకులు బొక్కలు పడి ఉన్నాయి. ఒక్కో మొక్క మీద గుప్పెడేసి చారల పురుగులు. ఊరంతా వచ్చి చూసి వెళ్ళింది అప్పటికే. గవర్నమెంటోళ్ళు వదిలిన పురుగు పంట మీద పడిందని ఆళ్ళగడ్డ టీకొట్ల దాకా పాకింది. చిన్నాయన మందు కొట్టే డబ్బా వీపుకు తగిలించుకుని సిద్ధంగా ఉన్నాడు. అత్త ఆయనకు అడ్డంగా సాలులో నిలబడి ఉంది. అక్షింతల పురుగులకు మందు కొట్టనివ్వనని ఆమె పట్టు.

"సూడుమే మీ పురుగుల నిర్వాకం" అన్నాడు చిన్నాయన నాతో. "కసువు తినమని ఇడిస్తే పంట తింటాండాయి."

"కసువు పీకి పారేసినాక ఏం తినాల చిన్నాయనా? నిన్ను తినల్లా?" అన్నాను.

కూలోళ్ళు తల తిప్పుకుని నవ్వారు. దాంతో ఆయనకు కోపం ముదిరింది. అత్త మాత్రం నవ్వలేదు. నా వైపే చూస్తూ, "మాటలొద్దు. ఇది అక్షింతల పురుగేనా, గాదా?" అని అడిగింది.

అవునంటే ఆ రోజుకు గొడవ తీరిపోయేది. నా చదువును కాదనే ధైర్యం చిన్నాయనకు ఎంత నోరున్నా లేదు. కానీ నేను ఎండలో నెలల తరబడి కసువులో వంగి నేర్చుకున్నదల్లా, ఇది అది కాదని చెప్పడమే. గాదత్తా అన్నాను. ఆమె మొహంలో ఏదో జారిపోయింది. చిన్నాయన డబ్బా సర్దుకున్నాడు. అప్పుడు నేను పై సాళ్ళలోని మొక్క ఒకటి వంచి చూపించాను. చిగురు కింద పేనుబంక, దాని మధ్య నిజమైన అక్షింతల పురుగులు, చుక్కలవీ వంకర గీతలవీ, తమ పని తాము చేసుకుంటున్నాయి. మందు కొడితే ముందు చచ్చేవి ఇవేనని చెప్పాను.

చిన్నాయన నన్ను అడిగింది ఒకటే, న్యాయమైనదే అడిగాడు. ఆ చారల పురుగు పొద్దుతిరుగుడును తింటుందా, తినదా? నాకు తెలియదు. వయ్యారిభామా పొద్దుతిరుగుడూ ఒకే వంశం మొక్కలు, దాయాదుల్లాంటివి. ఒకదాన్ని తినేది రెండోదాన్ని తినదని ఎలా చెప్పాలి? బెంగళూరు పక్క పెద్ద చదువులవాళ్ళే ఆ సంగతి మీద రెండు వర్గాలై కొట్టుకుంటున్నారని సార్ ద్వారా విన్నాను. వచ్చే శనివారం దాకా ఆగమన్నాను. అప్పటికి సగం చేను పోతే ఎవరు జవాబుదారీ అని చిన్నాయన అడిగాడు. అత్త నా తరఫున జవాబు చెప్పింది, పోతే నీకే కదా వచ్చేది, నీకెందుకు బాధ అని. ఆయన డబ్బా దించి వెళ్ళిపోయాడు.

ఆ వారం నేను పనికి సెలవు పెట్టాను. అత్త ఊరగాయ సీసాలు మూడు ఖాళీ చేయించి కడిగి వంటింటి గూట్లో పెట్టాను. ఆవకాయ వాసన పోవడానికే ఒక పూట పట్టింది. ఒకదాంట్లో వయ్యారిభామ కొమ్మ, ఒకదాంట్లో పొద్దుతిరుగుడు ఆకు, ఒకదాంట్లో పేనుబంక పట్టిన అనపచిగురు. మూడింట్లోనూ చారల పురుగులూ, వాటి పిల్లలూ. మూతులకు పాత చీర పేలికలు కట్టాను. అప్పట్నుంచి మా వంటిల్లు కోర్టు అయింది. మా నాయన జీవితంలో మొదటిసారి కుర్చీ వంటింటి గుమ్మం దగ్గర వేసుకుని పేపరు చదివాడు. చిన్నాయన పొద్దునా సాయంత్రం వేపపుల్ల నోట్లో పెట్టుకునే వచ్చి, సీసాలకు ముక్కు ఆనించి చూసి వెళ్ళేవాడు. అత్త రొట్టెలు తట్టుకుంటూ, పురుగులకు పెట్టే శ్రద్ధలో సగం మనుషులకు పెడితే ఇల్లు బాగుపడేదని గొణిగేది. గొణుగుతూనే, నేను లేవకముందు సీసాల్లోకి తాజా ఆకు ఆమే మార్చేది.

పేనుబంక సీసాలో పురుగులు దాని జోలికే పోలేదు. ఆకు కోసం వెతుక్కుని పేలికకు అంటుకున్నాయి. వయ్యారిభామ సీసాలో రాత్రికి రాత్రి కాడలు మిగిలాయి, పిల్లలు బలిశాయి. పొద్దుతిరుగుడు సీసాలో పెద్దవి అంచులు కొరికాయి, అయిష్టంగా, జ్వరం మనిషి సంగటి తిన్నట్టు. పిల్లలు మాత్రం ఆకు మీద అటూ ఇటూ తిరిగి, ఏమీ అంటుకోక, వాడి రాలిపోయాయి.

శుక్రవారం సాయంత్రం అత్త పెరట్లో చేట ముందేసుకుని కొర్రలు చెరుగుతోంది. నేను పక్కన కూర్చుని చెప్పాను. "ఇయ్యి ఈ ఆకు తిని పిల్లల్ని సాకలేవత్తా. ఆకలికి కొరుకుతాండాయి, అంతే. ఈడ ఉండేటివి గాదు."

"తావు పీకేస్తే యాడికి పోతాయి. పక్కింటి మీద పడ్తాయి" అంది చేటలోకి చూస్తూనే. "పంట పోతాదా?"

"పోదనుకుంటాండా."

"అనుకుంటాండావా, తెలుసా?"

"అనుకుంటాండా."

చేట కింద పెట్టింది. "నాకు ఉండేది ఆ చేను ఒకటే. అది నీ అనుకోవడం మీద పెడ్తాండా. పోతే నిన్నేమీ అనను. నా కర్మ అనుకుంటా. కానీ మల్ల ఈ ఇంట్లో పురుగు పేరు ఎత్తొద్దు" అంది.

సార్ ఎవరికీ మాట ఇవ్వొద్దన్నది ఇందుకేనని అప్పుడు అర్థమైంది. కానీ అడిగింది ఎవరో కాదు. అడక్కుండా వదిలేసే మనిషి కూడా కాదు.

మర్నాడు తెల్లారకముందే మొదలుపెట్టాం. చల్లపూట పురుగు బద్ధకంగా ఉంటుంది, తాకితే ఎగరకుండా రాలిపడుతుంది. అత్తా, నేనూ, నలుగురు కూలి ఆడవాళ్ళూ తలా ఒక కుండ పట్టుకుని సాళ్ళల్లో దిగాం. నిలువు గీతది కుండలోకి, వంకర గీతదీ చుక్కలదీ చేన్లోనే. మొదట అందరూ తప్పులు చేశారు. కుండలు తిరగేసి, ఏరి, అక్షింతల పురుగుల్ని మళ్ళీ మొక్కల మీదికి ఎక్కించేసరికి పొద్దెక్కేది. ఒకామె కుండలోకి పోయేవాటికి మొగుళ్ళనీ, చేన్లో ఉండేవాటికి పెళ్ళాలనీ పేరు పెట్టింది, దాంతో తప్పులు తగ్గాయి. నిండిన కుండల్ని మూతకట్టి, పీకి పోసిన వయ్యారిభామ కుప్పతో సహా కాలువ గట్టుకు మోశాం. అక్కడ మనిషెత్తు వయ్యారిభామ. కుండ వంచగానే పురుగులు ఇంటికొచ్చినట్టు ఆకుల్లోకి పోయాయి. ఆ కుప్పలు మోసిన చేతులు మోచేతుల దాకా వాచి ఎర్రబడ్డాయి. సాయంత్రాలు అరుగు మీద వరసగా కూర్చుని, వేపాకు కాచిన నీళ్ళతో కడిగి, పసుపు కలిపిన కొబ్బరినూనె ఒకరి చేతులకు ఒకరం రాసుకునేవాళ్ళం. అత్త చేతులు అందరికంటే అధ్వాన్నం. రొట్టె తట్టేటప్పుడు పళ్ళు బిగపట్టేది. చప్పుడు మాత్రం తగ్గలేదు.

ఇంకో మాట కూడా చెప్పాను ఆమెకు, అదే అన్నిటికంటే కష్టమైనది. గెనిమ మీద మళ్ళీ మొలిచే వయ్యారిభామను ఈ పంటకు పీకొద్దని. అది ఉంటే మిగిలిన పురుగులు దాని మీదికే పోతాయి, పంట వైపు చూడవు. అత్త మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. వానకు నాలుగు రోజుల్లో మొలకలు లేచాయి. సుబ్బమ్మ గెనిమ మీద కసువు సాకుతోందని ఊరంతా నవ్వింది. చిన్నాయనకు అది తన పరువు మీద దెబ్బ. ఒకరోజు భోజనాల దగ్గర ఉండబట్టలేక అనేశాడు. "గెనిమ బాగలేని చేను, మొగుడు లేని ఇల్లు ఒకటే అక్కా."

చిన్నమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. అత్త ఆయన పళ్ళెంలో పప్పు వేయడం మానలేదు. మా నాయన పేపరు మడిచాడు. ఈసారి మళ్ళీ విప్పలేదు. "ఓబులేసూ, ఇంగ చాలు" అన్నాడు. ఆయన తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచి ఆపడం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. చిన్నాయన తలొంచుకుని తిన్నాడు. పశ్చాత్తాపపడ్డాడో లేదో తెలియదు, చెయ్యి కడుక్కునే ముందు అక్క వేసిన పప్పంతా తిన్నాడు.

అత్త చేను చిన్నాయన చేను కంటే బాగా పండిందని రాయాలని నాకు చాలా కోరిక. పండలేదు. ఆయన మందు కొట్టాడు, ఆయన చేనుకు కాలువ తడి దగ్గర, పంట ఆయనకే మెరుగు. ఈ మాట నేను సార్‌కు కూడా దాచకుండా రాశాను. అత్త చేలో గెనిమ పక్క సాళ్ళు గిడసబారాయి, లోపలి సాళ్ళు నిలబడ్డాయి, పూతకు తేనెటీగలు వచ్చాయి, గింజ పట్టింది. అంతే. కళ్ళంలో పూలు ఎండబెట్టి కట్టెలతో కొట్టే రోజు చిన్నాయన వచ్చి, గుప్పెడు గింజలు అరచేతిలోకి తీసుకుని, పొట్టు ఊది చూశాడు.

"ఇది పంటంటారా అక్కా?"

"పోయిన పంటను బస్తాలకెత్తరు ఓబులేసూ" అంది అత్త, తల పైకెత్తకుండా. "ఆ కొస పట్టుకో. కుట్టల్ల."

ఆయన ఒంగి గోనె కొస పట్టుకున్నాడు. షరతు మాట మళ్ళీ ఎత్తలేదు.

తర్వాతి ఏళ్ళలో చారల పురుగు జిల్లా అంతటా కనిపించింది. చుక్కలు పెట్టడానికి నా పటంలో చోటు లేకపోయింది. ప్రాజెక్టు అయిపోయింది, నేను నంద్యాలలో ఒక స్కూల్లో సైన్సు టీచరునైపోయాను. ఆ పురుగు గురించి జనం భయపడినంత చెడూ జరగలేదు, సర్కారు ఆశపడినంత మంచీ జరగలేదు. వానకు భూమిలోంచి లేస్తుంది, తినగలిగినంత తింటుంది, ఎండలు మొదలుకాగానే మళ్ళీ మట్టిలోకి దూరి పడుకుంటుంది. అది పడుకున్నాక వయ్యారిభామ మిగిలిన కొమ్మకు పూసి గాలికి వదులుతుంది. ఇద్దరూ కలిసి మన నేల మీద కాపురం పెట్టారు.

అత్తకు ఆయాసం మెల్లగా మొదలైంది. పూత కాలంలో మూతికి తువ్వాలు కట్టుకుని చేలోకి వెళ్ళేది. తర్వాత గెనిమ దాకా వెళ్ళి నిలబడేది. తర్వాత అరుగు దగ్గరే. నంద్యాల డాక్టరు ఆ మొక్క గాలి తగలకుండా చూసుకోమన్నాడు. మా ఊళ్ళో ఆ గాలి తగలని చోటు ఎక్కడుందో ఆయన చెప్పలేదు. నేను గెనిమ మీద కసువు వదలమన్నందుకే ఇదంతా అని చిన్నమ్మ ఒకసారి అంది. నేను ఒప్పుకోలేదు. ఒక్క పంట కాలం, ఒక్క గెనిమ. దావలు, కాలువలు, స్కూలు ఆవరణా, శ్మశానమూ, అన్నిచోట్లా అదే ఉంటే మా గెనిమ ఒక్కదాన్ని పట్టుకోవడం ఏం న్యాయం? ఇప్పటికీ ఒప్పుకోను. ఒప్పుకోకపోయినంత మాత్రాన అత్త ఊపిరి చప్పుడు నాకు వినిపించకుండా పోలేదు.

నేను ఇంట్లో ఉన్న ఒక ఆదివారం ఆమె చిన్నాయనను పిలిపించింది. దిండ్లకు ఆనుకుని కూర్చుంది. మాటకూ మాటకూ మధ్య ఆగాల్సి వస్తోంది. చేను ఈ ఏటి నుంచి నువ్వు చేసుకో అంది. చిన్నాయన గాభరా పడి, నేను అడగలేదు గదక్కా అన్నాడు.

"నువ్వు అడిగింటే ఇచ్చేదాన్ని గాదు." ఊపిరి కూడదీసుకుంది. "పంట పోయి ఇయ్యడంల్యా. ఊపిరాడక ఇస్తాండా. రెండూ ఒకటి గాదు. గుర్తు పెట్టుకో."

"ఒకటి గాదక్కా" అన్నాడు ఆయన.

పెద్దదినం నాడు భోజనాలయ్యాక ఎవరికీ చెప్పకుండా చేను వైపు నడిచాను. చిన్నాయనకూ ఇప్పుడు చేతికర్ర వచ్చింది, ఆయనా వెనకాలే వచ్చాడు. రెండు చేలూ కౌలుకిచ్చారు. మొక్కజొన్న వేశారు. గెనిమకు కలుపుమందు కొట్టారు, అది గోడలా నున్నగా, గోధుమరంగులో ఉంది. కసువు లేదు, చారల పురుగు లేదు. మొక్కజొన్న ఆకులు తిప్పి చూశాను, అక్షింతల పురుగూ లేదు. వంగడానికి నా నడుం కూడా అప్పటిది కాదు. ఇప్పుడు ఏ పురుగైనా ఫోనుతో ఫోటో తీస్తే పేరు అదే చెబుతుందట. మంచిదే. పేరు తెలుసుకున్నాక దాని గురించి పోట్లాడే ఓపిక ఆ ఫోనులో ఉందో లేదో నాకు తెలియదు. నాలో తగ్గిపోయిందని మాత్రం తెలుసు. గెనిమ మీద కాసేపు నిలబడ్డాం. అది ఇంత శుభ్రంగా ఉన్నందుకు చిన్నాయన ఏమైనా అంటాడేమోనని చూశాను. 

అంతలో కౌలుదారు మోటారు దగ్గర నుంచి వచ్చాడు. ఊరికి కొత్త మనిషి, ఎవరి పొలం ఎక్కడ మొదలవుతుందో ఇంకా పూర్తిగా తెలియదు. ముందు మీ చేనుకు నీళ్ళు తిప్పేదా అని చేత్తో అత్త చేను వైపు చూపించాడు. చిన్నాయన కర్ర ఎత్తి తన చేను వైపు చూపించాడు.

"మాది అదప్పా. ఇది మా అక్కది."